తరగతిలో గూగుల్ డాక్స్: ఏళ్లుగా వాడుతున్న తెలుగు లెక్చరర్ సమీక్ష

ముందే చెప్పేస్తాను, ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి ఒకే డాక్యుమెంట్ రాసుకునే ఈ గూగుల్ డాక్స్‌ని వదిలేసే ఉద్దేశం నాకు లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో వేరే దారి లేక మొదలుపెట్టాం, కాలేజీలు తెరిచాక కూడా ఆపలేదు. వ్యాసాలు రాయించడానికి, గోడపత్రికకి, మొదటి సంవత్సరం అయ్యాక పిల్లలు చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదికలకి, అన్నిటికీ అదే. కాకపోతే ట్రైనింగుల్లో దీని గురించి చెప్పేది ఒకటి, తరగతిలో నిజంగా పనికొచ్చేది ఇంకొకటి. అందరూ ఒకే పేజీలో ఒకేసారి రాయొచ్చు అని గొప్పగా చెబుతారు. నిజమే, వంద మంది దాకా ఒకేసారి ఎడిట్ చేయొచ్చు. కానీ క్లాసు మొత్తాన్ని ఒకే పేజీ మీద వదిలితే ఒకరి వాక్యం మధ్యలోకి ఇంకొకరి వాక్యం వచ్చి పడుతుంది, ఎవరూ ఏమీ ఆలోచించలేరు. నా అనుభవంలో దీని అసలు విలువ రెండు చోట్ల ఉంది: వెర్షన్ హిస్టరీ, కామెంట్లు. ఒక రాత ఎలా తయారైందో మొదట్నుంచీ చూడగలగడం, అది తయారవుతుండగానే మధ్యలో వెళ్లి మాట్లాడగలగడం. ఈ రెండూ వాడకపోతే వర్డ్ ఫైలు వాట్సాప్‌లో తిప్పుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

మా పిల్లల్లో ఎక్కువమందికి ల్యాప్‌టాప్ లేదు. ఉన్నది ఫోనే, అది కూడా కొందరి ఇళ్లలో నాన్నదో అన్నదో. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఫోను మీద రాసే క్లాసు గురించి అనుకోండి. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ దొరికినప్పుడు సంతోషం, దొరకదనుకునే ప్లాన్ వేసుకోవాలి.

మొదటి చిక్కు డాక్స్‌లో లేదు, జీమెయిల్ ఖాతాలో ఉంది. చాలా ఫోన్లలో ఖాతా తెరిచింది మొబైల్ షాపతను. పేరు ఏదో పెట్టేసి ఉంటాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కొన్నిటికి హీరో పేరు ఉంటుంది, కొన్నిటికి తండ్రి పేరు, ఒక్కోసారి ఆ షాపు పేరే. ఆ ఖాతాతో డాక్యుమెంట్‌లోకి వస్తే ఏ పేరా ఎవరు రాశారో ఎలా తెలుస్తుంది? అందుకే ఏటా మొదటి వారం పాఠం ఏమీ చెప్పను. అందరినీ కూర్చోబెట్టి గూగుల్ ఖాతా సెట్టింగుల్లో పర్సనల్ ఇన్ఫోలోకి వెళ్లి సొంత పేరు పెట్టించి, పాస్‌వర్డ్ కొత్తది పెట్టించి, రికవరీ నంబరు ఇంట్లోవాళ్లది ఇప్పిస్తాను. ఇద్దరు ముగ్గురి పేర్లతో ఖాతాలు ఉన్న ఫోన్లయితే డాక్స్ యాప్‌లో ఏ ఖాతా తెరిచి ఉందో చూసుకోవడం అలవాటు చేయాలి, లేకపోతే ఒకే అమ్మాయి వేర్వేరు ఖాతాల నుంచి యాక్సెస్ అడుగుతూ ఉంటుంది, రాత్రి పదకొండింటికి నాకు మెయిళ్లు వస్తూ ఉంటాయి. ఈ పనికి ఒక వారం పోయినా పరవాలేదు, తర్వాత ఏడాదంతా కలిసొస్తుంది.

ఇంకో సంగతి స్టోరేజీ. ఉచిత ఖాతాకి 15 జీబీ, అందులోనే ఫోటోలు, మెయిళ్లు, డ్రైవ్ అన్నీ. 2021 జూన్ 1 తర్వాత చేసిన డాక్స్ కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి, ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే. పిల్లల ఫోన్లలో పెళ్లి వీడియోలతోనే ఆ 15 జీబీ నిండిపోతుంది. నిండిందంటే కొత్త డాక్యుమెంట్ తెరవలేరు. దానికన్నా పెద్ద కష్టం ఏంటంటే ఆ ఖాతాలో ఉన్న ఫైళ్లని ఇంకెవరూ ఎడిట్ చేయలేరు. అంటే గ్రూపు డాక్యుమెంట్ ఎవరి ఖాతాలో పుట్టిందో ఆ అబ్బాయి ఫోను నిండితే గ్రూపంతా ఆగిపోతుంది. మా దగ్గర నివేదిక ఇవ్వాల్సిన ముందురోజు అలాగే జరిగింది, అందరికీ ఒకటే టెన్షన్. అందుకని గ్రూపు డాక్యుమెంట్లన్నీ నా ఖాతాలోనే తెరిచి పిల్లలకి ఎడిటర్ హక్కు ఇస్తున్నాను.

తెలుగులో రాయడం ఎలా అంటారా, ఇప్పుడు అదొక సమస్యే కాదు. ఫోనులో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి పిల్లలకి చాటింగ్ వల్ల ముందే వచ్చు. మైకు నొక్కి మాట్లాడితే రాసేస్తుంది కూడా. కంప్యూటర్‌లో అయితే క్రోమ్‌లో డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్ ఎంచుకోవాలి, తెలుగు 2017 నుంచి ఉంది. ఈ వాయిస్ టైపింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా క్లాసులో దీని వల్ల కొందరు పిల్లలు బయటికొచ్చారు. ఇంట్లో అమ్మమ్మతో గంటలు మాట్లాడగలిగిన అమ్మాయి కాగితం ముందు కూర్చుంటే మూడు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. అదే అమ్మాయి ఫోను పట్టుకుని చెప్పడం మొదలుపెడితే పేజీన్నర వస్తుంది. వచ్చిన దాంట్లో చుక్క ఉండదు, కామా ఉండదు, ల ఎక్కడో ళ ఎక్కడో, ఊళ్ల పేర్లు చిత్రంగా పడతాయి. పలికి చుక్క పెట్టించే సౌకర్యం తెలుగుకి లేదు. కానీ నాకు అదే పాఠం. ఆ పేజీన్నర పిల్ల సొంతం, దాన్ని వాక్యాలుగా విడగొట్టడం, పేరాలు చేయడం, ఎక్కడ ఏది ముందు రావాలో చూడడం, ఇవన్నీ గ్రూపు కూర్చుని చేస్తుంది. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే వాక్యం ఎక్కడ ముగుస్తుందో వాళ్లే వాదించుకుంటారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను గురించి మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం ఊళ్లలో పెద్దవాళ్లని అడిగి పిల్లలు రాసుకొచ్చిన పాఠాలు అలా తయారైనవే. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయిన ఆ రాత్రి గురించి ఒక ముసలావిడ చెప్పిన మాటలు ఆవిడ మాట్లాడిన తీరులోనే ఉండాలని పిల్లలు పట్టుబట్టారు, శిష్ట భాషలోకి మార్చనివ్వలేదు. ఆ చర్చంతా కామెంట్లలో ఇంకా ఉంది. నాకు అది దాచుకోవాల్సిన కాగితం లాంటిది.

ఫాంట్ల సంగతి ఒక్క ముక్కలో. డాక్స్‌లో మోర్ ఫాంట్స్ నొక్కి లిపి తెలుగు అని ఎంచుకుంటే మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి బోలెడు కనిపిస్తాయి. అవన్నీ శీర్షికలకి బాగుంటాయి, నివేదిక లోపలి రాతకి మాత్రం మండలి గానీ నోటో గానీ పెట్టుకుంటే కళ్లకి హాయి. డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ప్రశ్నపత్రాలు, పాత మేగజైన్ వ్యాసాలు తెచ్చి ఇందులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులే వస్తాయి. అవి యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగులానే కనిపించే పద్ధతిలోవి కాదు. కన్వర్టర్లు ఉన్నాయి, వాడాక ఒత్తులు మళ్లీ చదివి సరిచూసుకోవాలి.

నెట్‌వర్క్ గురించి చాలామంది భయపడతారు, నా అనుభవంలో భయపడాల్సినంత లేదు. డాక్స్ మనం అక్షరం కొట్టిన ప్రతిసారీ పేజీ మొత్తం పంపదు. ఇక్కడ ఈ అక్షరం చేరింది, అక్కడ ఆ పదం పోయింది అని చిన్న చిన్న మార్పులు పంపుతుంది, సర్వర్ వాటిని వరసలో పెట్టి అందరి తెరలమీదా ఒకటే పాఠం ఉండేలా సర్దుతుంది. అందుకే సిగ్నల్ ఒక గీత ఉన్నా పని జరుగుతుంది, డేటా కూడా పెద్దగా ఖర్చు కాదు. అసలు సిగ్నలే లేని ఊరికి సర్వేకి వెళ్లేముందు ఫోనులో ఆ డాక్యుమెంట్‌కి ఆఫ్‌లైన్ ఆన్ చేసుకుంటే చాలు. రాసుకున్నది తిరిగొచ్చాక దానంతటదే కలుస్తుంది. ఒకే పేరాని ఇద్దరు ఆఫ్‌లైన్‌లో మార్చితే మాత్రం రెండూ కలిసిపోయి అర్థం లేని వాక్యం వస్తుంది. మెషీను అక్షరాలని కలపగలదు, అర్థాన్ని కలపలేదు. అందుకే ఊరికి వెళ్లేముందు ఎవరి పేరా ఎవరిదో తేల్చుకుని వెళ్తారు.

ఇక వెర్షన్ హిస్టరీ. ఫైల్ మెనూలో ఉంటుంది, కంప్యూటర్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కినా వస్తుంది. ఏ రోజు ఏ గంటకి ఎవరు ఏం చేర్చారు, ఏం తీసేశారు, ఒక్కొక్కరికి ఒక్కో రంగులో చూపిస్తుంది. మొదట అందరూ దీన్ని రక్షణగా చూస్తారు. ఒక గ్రూపులో ఒక అబ్బాయి ఫోనులో పొరపాటున మొత్తం సెలెక్ట్ అయ్యి ఒక్క అక్షరం తగలగానే నివేదికంతా మాయమైంది. పిల్లలు ఏడుపు మొహాలతో వచ్చారు. ముందురోజు రాత్రి వెర్షన్ తెరిచి రీస్టోర్ కొడితే అంతా తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఆ గ్రూపు డాక్స్‌ని నమ్మింది.

నాకు దాని ఉపయోగం వేరే. విద్యార్థి ఇచ్చిన చివరి కాగితం ఒక్కటే చూసి మార్కు వేస్తే, ముందునుంచీ బాగా రాసేవాళ్లకే మార్కులు వస్తాయి. మొదటి చిత్తుకీ మూడో చిత్తుకీ మధ్య ఏం జరిగిందో చూస్తే, ఎవరు నేర్చుకున్నారో కనిపిస్తుంది. అందుకే ప్రతి దశలో వెర్షన్‌కి పేరు పెట్టిస్తాను: మొదటి చిత్తు, తోటివాళ్లు చదివాక, మేడమ్ కామెంట్ల తర్వాత. నేను మార్కులు ఎక్కువగా ఆ మధ్య దూరానికే వేస్తాను. ఒకటి గుర్తుపెట్టుకోండి, డాక్యుమెంట్‌కి కాపీ తీసుకుంటే ఆ కాపీకి పాత హిస్టరీ రాదు, కొత్తగా మొదలవుతుంది. అందుకే శుభ్రంగా ఉంటుందని కొత్త ఫైల్లోకి మార్చొద్దని పిల్లలకి గట్టిగా చెబుతాను.

అయితే ఈ రంగుల్ని హాజరు పట్టీలా చూడడం అన్యాయం. ఇది నేను తోటి లెక్చరర్లతో ఎప్పుడూ వాదించే విషయం. ఇద్దరు స్నేహితురాళ్లకి ఒకటే ఫోను ఉంటుంది, పనంతా ఒకరి పేరుతోనే కనిపిస్తుంది. ఊళ్లో ఇళ్లు తిరిగి మాట్లాడి నోటుపుస్తకంలో రాసుకొచ్చింది ఒకరు, టైపింగ్ వేగంగా వస్తుంది కాబట్టి ఎక్కించింది ఇంకొకరు. హిస్టరీలో మొదటి మనిషే లేడు. దాన్ని చూసి నువ్వేం పని చేయలేదు అంటే ఆ పిల్లాడు ఇంకెప్పుడూ ఊళ్లోకి వెళ్లడు. మేం ప్రతి భాగం కింద చిన్న పట్టిక పెట్టిస్తాం: అడిగింది ఎవరు, రాసుకుంది ఎవరు, ఎక్కించింది ఎవరు, సరిచూసింది ఎవరు. ఆ పట్టికనీ హిస్టరీనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

కాపీ కొట్టడం గురించి కూడా అడుగుతారు. ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే హిస్టరీలో పేజీ మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది, అది కనిపిస్తుంది. కానీ ఇంట్లో కాగితం మీద రాసుకుని వాయిస్‌తో ఒకేసారి చెప్పిన పిల్లదీ దాదాపు అలాగే కనిపిస్తుంది. ఏఐ రాసిచ్చినదాన్ని చూసి మెల్లగా టైపు చేసినవాడిది చాలా సహజంగా కనిపిస్తుంది. కాబట్టి హిస్టరీ చూసి దొంగ అని ఎవర్నీ అనను. పక్కన కూర్చోబెట్టుకుని, ఈ మాట ఎందుకు వాడావు, ఈ సంగతి నీకు ఎవరు చెప్పారు అని అడుగుతాను. రాసినవాళ్లు కళ్లు వెలిగించుకుని చెబుతారు. హిస్టరీ ఆ సంభాషణకి దారి మాత్రమే.

కామెంట్లకి వస్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం పిల్లలకి పని అయిపోయాక చేరుతుంది. మార్కు చూసి మడిచి పెట్టేస్తారు, దిద్దింది చదవరు. కామెంటు పని జరుగుతుండగా వస్తుంది, దానికి జవాబు ఇవ్వొచ్చు, ఒప్పుకోకపోతే వాదించొచ్చు. తరగతిలో నోరు విప్పని పిల్లలు కామెంట్‌లో 'మేడమ్, నేను అలా అనలేదు' అని రాయడం చూశాక నాకు దీని మీద గౌరవం పెరిగింది.

కానీ కామెంటు ఎలా రాయాలో నేర్పాలి. పిల్లల్ని ఒకరిది ఒకరు చదివి కామెంటు పెట్టమంటే మొదట వచ్చేవి 'సూపర్', 'బాగుంది', ఒక చప్పట్ల బొమ్మ. తోటివాడి తప్పు చెబితే ఏమనుకుంటాడో అనే మొహమాటం. అందుకని మా క్లాసులో ఒక నియమం పెట్టాం, కామెంటు ప్రశ్నగా ఉండాలి. 'ఈ ఊళ్లో నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు, రాయలేదేం?' 'ఈ పేరాలో ఆయన అంటే తాతా, సర్పంచా?' తప్పు ఎత్తిచూపడం లేదు కదా, తెలియక అడుగుతున్నాను కదా అనుకునేసరికి మొహమాటం పోతుంది. రాసినవాళ్లకి కూడా ప్రశ్నకి జవాబు చెప్పడం సులువు.

సజెస్టింగ్ మోడ్ అని ఇంకొకటి ఉంది. మనం దిద్దినది నేరుగా మారిపోకుండా సూచనగా రంగులో నిలబడుతుంది, రాసినవాళ్లు టిక్ కొడితే చేరుతుంది. ఆఫీసుల్లో ఇది చాలా మంచి పద్ధతి కావచ్చు, నా క్లాసులో మాత్రం పెద్దగా మేలు చేయలేదు. పిల్లలు చదవకుండా వరసపెట్టి టిక్కులు కొట్టేస్తారు. పాఠం బాగుపడుతుంది, పిల్ల బాగుపడదు. పైగా పేజీ నిండా రంగు గీతలు చూస్తే ఇంత తప్పు రాశానా అని కుంగిపోతారు. అందుకే భాషా దోషాలకి నేను సజెషన్ వాడను. ఆ వాక్యాన్ని సెలెక్ట్ చేసి 'ఈ వాక్యంలో పని చేసింది ఎవరు?' అనో 'గట్టిగా చదివి చూడు' అనో కామెంటు పెడతాను. వాళ్లే పట్టుకుంటారు. ఒకే దోషం పేజీలో పదిచోట్ల ఉంటే ఒక్కచోటే చూపించి మిగతావి నువ్వే వెతుకు అంటాను. గోడపత్రిక అచ్చుకి వెళ్లేముందు ఆఖరి ప్రూఫు చూసేటప్పుడు మాత్రం సజెస్టింగ్ చాలా బాగుంటుంది, అప్పుడు నేర్పడం కాదు కదా, తప్పు లేకుండా చూసుకోవడం.

నోటిఫికేషన్ల గురించి భ్రమలు పెట్టుకోకండి. కామెంటు పెడితే మెయిలు వెళ్తుంది, పిల్లలు మెయిలు చూడరు. వాళ్లు చూసేది వాట్సాప్. నేను గ్రూపు డిస్క్రిప్షన్‌లో డాక్యుమెంట్ లింకులు పెట్టేసి, సాయంత్రం ఒక్క మెసేజీ పెడతాను, కామెంట్లు ఉన్నాయి చూడండి అని. చర్చ మాత్రం వాట్సాప్‌లో చేయనివ్వను, డాక్యుమెంట్‌లోనే. లేకపోతే రెండు చోట్లా ముక్కలు ముక్కలుగా ఉండి ఎక్కడ ఏం తేల్చుకున్నామో ఎవరికీ గుర్తుండదు.

డాక్స్‌లో నాకు బాగా లోటనిపించేది ఒకటుంది. పేజీలో ఒక భాగానికి తాళం వేసే వీలు లేదు. సూచనలు రాసిన పేరా గానీ, పూర్తయిపోయిన భాగం గానీ ఎవరూ ముట్టుకోకుండా ఉంచలేం. పట్టికలు వేసుకునే గూగుల్ షీట్స్‌లో ఆ వీలుంది, గడుల్ని ప్రొటెక్ట్ చేయొచ్చు. క్లాసురూముల కోసం ఇంత ప్రచారం చేసే కంపెనీ ఇంతకాలమైనా ఈ చిన్న సౌకర్యం డాక్స్‌లో ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఇప్పటికి మేం చేసేదేంటంటే, సూచనలన్నీ వేరే డాక్యుమెంట్‌లో వ్యూ మాత్రమే ఇచ్చి పెట్టడం, రాసే డాక్యుమెంట్‌లో ప్రతి ఒక్కరికీ శీర్షిక కింద పేరు రాసి చోటు ఇవ్వడం. 2024 చివర్లో డాక్స్‌లో ట్యాబులు, అంటే ఒకే డాక్యుమెంట్‌లో విడివిడి భాగాలు, వచ్చాక పని కొంత తేలికైంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో ట్యాబు, చివర్లో అందరిదీ కలిపే ట్యాబు ఒకటి. కలిపే పని ఒక్కరికే అప్పగిస్తాం, వారానికొకరు. ఎవరో ఒకరు కుట్టకపోతే ఐదుగురు రాసిన ఐదు వ్యాసాలు పక్కపక్కన ఉంటాయి తప్ప నివేదిక అవ్వదు.

పిల్లలకి రాతపనులు ఇచ్చి తిరిగి తీసుకునే గూగుల్ క్లాస్‌రూమ్‌ని ఒంటరిగా రాయాల్సిన వాటికి వాడతాను. అక్కడ ఒక్క విషయం జాగ్రత్త. ఫైలు జతచేసినప్పుడు దాని పక్కన మామూలుగా స్టూడెంట్స్ చూడగలరు అనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో కాపీ కావాలంటే పోస్టు చేయకముందే మార్చాలి, పోస్టు చేశాక ఆ ఎంపిక ఉండదు. క్లాస్‌రూమ్ లేకుండా వాట్సాప్‌లో లింకు పంపేవాళ్లకి ఒక చిట్కా: లింకు చివర ఇంగ్లిష్‌లో ఎడిట్ అన్న మాట నుంచి చివరిదాకా తీసేసి అక్కడ కాపీ అని ఇంగ్లిష్‌లోనే పెట్టి పంపితే, తెరవగానే మీ కాపీ చేసుకుంటారా అని అడుగుతుంది. అసలు ఫైలు క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్న మాట. లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు అనే సెట్టింగు క్లాసులో వాడొద్దు, సర్వే వివరాలకి అసలే వద్దు. మా జిల్లాలో ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి తెలియనివాళ్లు లేరు. పిల్లలు తాగునీటి మీద సర్వే చేయడానికి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వెళ్తారు. ఫారంలో ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో కిడ్నీ రోగులు ఎవరు, డయాలసిస్ ఎక్కడ చేయించుకుంటున్నారు, అన్నీ నింపి ఒక షీట్‌లో పెట్టి లింకు తెరిచి వాట్సాప్‌లో తిప్పడం నేను ఒక చోట చూశాను. ఎవరింట్లో జబ్బుందో ఆ లింకు చేరిన ప్రతివాళ్లకీ తెలిసిపోతుంది. అది పెళ్లి సంబంధాల దాకా పోయే విషయం. ఆ ఇళ్లవాళ్లు పిల్లలు కదా అని నమ్మి చెప్పారు. ఆ నమ్మకాన్ని లింకులో పెట్టి ఊరంతా పంచకూడదు. మేం పేర్లు ఎక్కించం. ఒక్కో ఇంటికి ఒక కోడ్, ఏ కోడ్ ఎవరిదో కాగితం మీద మాత్రమే ఉంటుంది, అది మెంటర్ దగ్గర బీరువాలో. ఆధార్ నంబరు అసలు అడగం, నివేదికకి దాంతో పని లేదు. షేరింగ్ రెస్ట్రిక్టెడ్‌లోనే ఉంచి, గ్రూపులో ఉన్నవాళ్ల మెయిళ్లకి మాత్రమే ఇస్తాం, ఎడిటర్లు వేరేవాళ్లకి షేర్ చేయగలరు అన్న టిక్ తీసేస్తాం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా చేయాల్సిన పనే ఇది. ఈ ఒక్క విషయంలో పిల్లలు తొందరపడితే నేను కోప్పడతాను.

వేరే టూల్స్ కూడా చూశాను. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఆన్‌లైన్‌లో పేజీ అమరిక, ఫుట్‌నోట్లు డాక్స్ కన్నా బాగా కుదురుతాయి, రీసెర్చ్ చేసే పీజీ పిల్లలకి అదే మంచిదంటాను. ఈథర్‌ప్యాడ్ నాకు చాలా నచ్చింది. ఖాతా అక్కర్లేదు, ఎవరు రాసింది వాళ్ల రంగులో పేజీ మీదే కనిపిస్తుంది, రాత ఎలా పెరిగిందో జరిపి చూడొచ్చు. ఓపెన్ సోర్స్ కూడా. కాకపోతే ఎవరో ఒకరు సర్వర్ నడపాలి, మా కాలేజీలో అలాంటి మనిషి లేడు. కంప్యూటర్ సైన్స్ విభాగం బలంగా ఉన్న కాలేజీవాళ్లు తప్పక ప్రయత్నించండి.

అచ్చు దగ్గర రెండు కష్టాలు మిగిలాయి. నివేదికని వర్డ్ ఫైలుగా దించి జిరాక్స్ షాపుకి పట్టుకెళ్తే అక్కడి కంప్యూటర్‌లో మనం పెట్టిన ఫాంటు ఉండదు. దాని బదులు గౌతమి ఫాంటో నిర్మల ఫాంటో వచ్చి కూర్చుంటుంది, పేజీలన్నీ జరిగిపోతాయి, విషయసూచికలో అంకెలు తప్పవుతాయి. పీడీఎఫ్‌గానే దించి ఇవ్వండి, ఫాంటు దాంట్లోనే ఉంటుంది. మేగజైన్ అయితే ఇంకా కష్టం. మేము వెళ్లిన డీటీపీ సెంటర్‌లో ఇంకా పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. అంత శ్రద్ధగా యూనికోడ్‌లో దిద్దుకున్నదాన్ని మళ్లీ మొదట్నుంచి కొట్టించారు, మళ్లీ తప్పులు, మళ్లీ ప్రూఫులు. ఇప్పుడు దానికన్నా కొత్తదైన ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తీసుకునేవాళ్లని ముందే వెతుక్కుంటున్నాం.

ఏడాది చివర్లో ఓనర్‌షిప్ సంగతి మర్చిపోకండి. ఫైలు ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లదే. గెస్ట్ లెక్చరర్ మారిపోయినా, కాలేజీ ఇచ్చిన ఖాతాలు పిల్లలు పాసయ్యాక మూసేసినా, వాటితో పాటే ఫైళ్లూ పోతాయి. సొంత జీమెయిల్‌లో ఉన్న ఫైలైతే ఇంకొకరికి ఓనర్‌షిప్ ఇవ్వొచ్చు, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే మారుతుంది, కాబట్టి వాళ్లు అందుబాటులో ఉన్నప్పుడే చేయాలి. ఎడ్యుకేషన్ ఖాతాలున్న కాలేజీలైతే షేర్డ్ డ్రైవ్ పెట్టుకోవాలి, అందులోవి వ్యక్తివి కాకుండా గ్రూపువి అవుతాయి. జామ్‌బోర్డ్ మీద బొమ్మలు, మైండ్ మ్యాపులు గీయించిన టీచర్లు చాలామంది ఉన్నారు, 2024 డిసెంబరు 31న గూగుల్ దాన్ని ఆపేసింది. డాక్స్‌కి అలాంటిది జరుగుతుందని నేను అనడం లేదు, కానీ మన పిల్లల రాతలు ఒక్క కంపెనీ దగ్గరే ఉంచడం నాకు ఇష్టం లేదు. సెలవులకి ముందు ప్రతి గ్రూపు తమ నివేదికని పీడీఎఫ్‌లో ఒకటి, వర్డ్‌లో ఒకటి దించుకుని కాలేజీ లైబ్రరీ కంప్యూటర్‌లో ఊరి పేరుతో ఫోల్డర్ చేసి పెడతారు. ఒక ప్రింటు తీసి ఏ ఊళ్లో సర్వే చేశారో ఆ పంచాయతీకి ఇచ్చి రావడం కూడా పిల్లల పనే.